ఆమె లెక్క అడగడం మానేశారు: వరద శిబిరంలో ఒక డిమెన్షియా కేసు

ఈ కేసులో పేషెంట్ 81 ఏళ్ల మహిళ, రిటైర్డ్ హాస్టల్ వార్డెన్. అల్జైమర్స్ వల్ల వచ్చిన డిమెన్షియా, మధ్య దశలో ఉంది. ఆవిడ ఉంటున్న వృద్ధుల సంరక్షణ కేంద్రాన్ని వరద భయంతో ఒక రాత్రి ఖాళీ చేసి, అందరినీ ఒక కాలేజీ ఆడిటోరియంలో పెట్టిన సహాయ శిబిరానికి తరలించారు. రెండో రోజు మధ్యాహ్నం వైద్య బృందంతో నేను అక్కడికి చేరేసరికి, వలంటీర్లు ఆవిడ గురించి సంతోషంగా చెప్పిన మాట: “రాత్రంతా చాలా ఇబ్బంది పెట్టారు మేడమ్, ఇప్పుడు బాగానే ఉన్నారు.”

బాగా లేరు. ఆ ‘బాగానే’ వెనక ఏముందో, దాన్ని ఎవరు ముందు పసిగట్టారో, అలాంటి పరిస్థితి రాకుండా మామూలు రోజుల్లోనే ఏం సిద్ధం చేసుకోవచ్చో చెప్పాలని ఈ కేసు రాస్తున్నాను. కుటుంబం అనుమతి తీసుకున్నాను. మనిషిని గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

రెండు పేపర్ల మధ్య ఖాళీ

నేను నర్సింగ్ ప్రొఫెసర్‌ని. వార్డు డ్యూటీలతో మొదలై, వృద్ధుల నర్సింగ్ బోధనకు వచ్చి, అందులోనూ డిమెన్షియా సంరక్షణ దగ్గర స్థిరపడ్డాను. విపత్తు సన్నద్ధత పని చాలా తర్వాత వచ్చింది. దానికి కారణం సిలబస్సే. వృద్ధుల నర్సింగ్ పేపర్లో విపత్తుల ఊసు ఉండేది కాదు. విపత్తు నర్సింగ్ పేపర్లో డిమెన్షియా ఉన్నవాళ్లు ‘ప్రత్యేక శ్రద్ధ అవసరమైన వర్గాలు’ అన్న ఒక్క వాక్యంలో, గర్భిణుల పక్కన, పసిపిల్లల పక్కన సర్దుకునేవారు. రెండు పేపర్లూ బాగా చదివి పాసైన అమ్మాయి కూడా, వరద రాత్రి మతిమరుపున్న మనిషి ఎదురుపడితే ఏం చేయాలో తెలియక నిలబడిపోయేది.

క్లాసులో ఎప్పుడూ చెప్పే ఉదాహరణ ఒకటుంది. ఎక్కువమంది గాయపడిన చోట ఎవరికి ముందు వైద్యం అందాలో వేగంగా తేల్చడానికి ‘స్టార్ట్’ అనే ట్రయాజ్ పద్ధతి వాడతారు. 1983లో కాలిఫోర్నియాలో తయారైంది, ఇప్పటికీ చాలా దేశాల్లో నేర్పుతారు. అందులో మొదటి అడుగు, “నడవగలిగినవాళ్లందరూ అటువైపు వెళ్లండి” అని గట్టిగా చెప్పడం. వెళ్లినవాళ్లకి ఆకుపచ్చ ట్యాగ్, అంటే తొందరేమీ లేదని. చివరి అడుగు, చిన్న మాట చెప్తే చేస్తున్నారా లేదా చూడటం. చేయకపోతే ఎరుపు ట్యాగ్, అంటే వెంటనే చూడాలని. ఇప్పుడు ఆ గుంపులో డిమెన్షియా ఉన్న మనిషిని ఊహించండి. కాళ్లు బాగున్నాయి, నడుస్తారు. ఆకుపచ్చ ట్యాగ్‌తో ఒంటరిగా వదిలేస్తే ఎటు పోతారో తెలియదు. అదే మనిషి కేకకి లేచి నడవకపోతే, ‘చెయ్యి పైకెత్తండి’ అన్న మాట అర్థం కాక తలకి గాయమైన మనిషి లెక్కలో ఎరుపులోకి వెళ్తారు. పద్ధతి చెడ్డదని కాదు, లెక్కలేనంతమందిని కాపాడింది. అది తయారైనప్పుడు ఈ మనిషి ఎవరి కళ్ల ముందూ లేరు, అంతే. నా ఉద్యోగ జీవితంలో రెండో సగమంతా ఈ మనిషిని ఆ కాగితాల మీదికి తేవడానికే సరిపోయింది.

వరదకు ముందు

ఆవిడని కేంద్రంలో అందరూ ‘వార్డెన్ మేడమ్’ అంటారు. జ్ఞాపకశక్తి పరీక్ష ఎంఎంఎస్ఈలో 30కి 14 వచ్చింది. సంవత్సరం చెప్పలేరు, ఉన్న చోటు చెప్పలేరు. ఐదు నిమిషాల క్రితం అడిగిందే మళ్లీ అడుగుతారు. కానీ బట్టలు తానే తొడుక్కుంటారు, తానే నడుస్తారు, ఎదుటివాళ్ల ముఖంలో దిగులు కనిపిస్తే ఆగి భుజం తడతారు. రాత్రి జ్ఞాపకశక్తికి వాడే డోనెపెజిల్, ఉదయం బీపీ మాత్ర, మోకాళ్ల నొప్పికి పారాసెటమాల్. రెండు చెవులకీ వినికిడి యంత్రాలు, పడుకునేటప్పుడు తీసి సొరుగులో పెడతారు.

ఒక అలవాటు మాత్రం డిమెన్షియా తీసుకుపోలేకపోయింది. రాత్రి తొమ్మిదికి ఆవిడ గదులన్నీ తిరిగి మంచాలు లెక్కపెడతారు. కేంద్రంలో ఉండేది 42 మంది. నైట్ డ్యూటీ ఆయా వెంట నడుస్తుంది. చివరి గది దగ్గర “ఎంతమంది?” అని ఆవిడ అడుగుతారు, “నలభై రెండు మేడమ్, సరిపోయింది” అని ఆయా చెప్తుంది. అప్పుడు “లైట్లు ఆపేయ్” అని చెప్పి వెళ్లి పడుకుంటారు. పావుగంట పని. ఆ పావుగంట ఎవరైనా అడ్డుకున్న రోజు మాత్రం తెల్లవార్లూ నిద్రపోరు.

ఈ సంగతి ఆయాకి తెలుసు, మరో ఇద్దరు ముగ్గురికి తెలుసు. కేస్ షీట్లో ‘సాయంత్రం నుంచి తిరుగుడు ఎక్కువ’ అని మాత్రమే రాసి ఉంది.

ఖాళీ చేసిన రాత్రి

ఒంటిగంట దాటాక కరెంటు లేదు, హోరున వాన. రక్షణ సిబ్బంది ఇద్దరు ఆవిడ గదిలోకి వెళ్లారు. రెయిన్‌కోట్లు, తలమీద టోపీలు, చేతిలో టార్చిలు. ఆవిడకి చెవుల్లో యంత్రాలు లేవు. కళ్లు తెరిచేసరికి ఎదురుగా ముఖం లేని ఆకారం, కళ్లలో వెలుతురు, చంకల కింద ఎవరివో చేతులు. కొట్టారు, గట్టిగా కరిచారు. అలాంటి చోట ఎవరైనా అదే చేస్తారు. డిమెన్షియా ఉన్నవాళ్లు ‘ఎదురు తిరిగారు’ అని రిపోర్టుల్లో రాసే సంఘటనలు చాలావరకు ఇలాంటివే: ఆత్మరక్షణ.

నైట్ డ్యూటీ ఆయా అప్పుడు చేసిన పనిని ఇప్పుడు మా క్లాసులో పాఠంగా చెప్తున్నాను. ఆ ఇద్దరినీ రెండడుగులు వెనక్కి ఉండమంది. తన తలమీది టోపీ తీసేసింది. టార్చి తీసుకుని వెలుగు తన ముఖం మీద పడేలా గడ్డం కింద కాకుండా పక్కనుంచి పట్టుకుంది. ఆవిడ కళ్లకి సమానంగా వంగి, మామూలుగా రోజూ పిలిచినట్టే పిలిచింది. చెవి దగ్గరికి వచ్చి నెమ్మదిగా ఒక్క మాట చెప్పింది: “మేడమ్, అందర్నీ బయటికి పంపుతున్నాం. ఒక్కరు కూడా మిగిలిపోకుండా చూడాలి.” ఆవిడ లేచారు. ఆయా చెయ్యి పట్టుకుని మెట్లు దిగారు, బస్సు ఎక్కుతున్న ప్రతి తలనీ తాకి లెక్కపెట్టారు.

ఆ మాటలో అబద్ధం లేదని గమనించండి. డిమెన్షియా ఉన్నవాళ్లకి అబద్ధం చెప్పొచ్చా అని విద్యార్థులు తరచూ అడుగుతారు. చాలా సందర్భాల్లో ఆ అవసరమే రాదు. జరుగుతున్న నిజంలోనే ఆ మనిషికి అర్థమయ్యే ముక్క ఒకటి ఉంటుంది. దాన్ని వెతికి చెప్పడానికి మనిషి గురించి తెలిసి ఉండాలి. ‘వరద వచ్చింది, ప్రమాదం, త్వరగా పదండి’ కూడా నిజమే. కానీ అందులో ఆవిడకి పట్టుకోవడానికి ఏమీ లేదు.

బస్సు కదిలింది. మందుల సంచి ఎక్కింది, డయాపర్లు ఎక్కాయి, ఫైళ్లు ఎక్కాయి. వినికిడి యంత్రాలు సొరుగులోనే ఉండిపోయాయి.

శిబిరంలో

ఆడిటోరియంలో అప్పటికే రెండు వందలమందికి పైగా ఉన్నారు. కేంద్రం నుంచి వచ్చిన 42 మందిని ఖాళీ ఉన్నచోటల్లా సర్దారు. మైకులో ప్రకటనలు, పిల్లల ఏడుపులు, రాత్రంతా ఆర్పని ట్యూబ్‌లైట్లు. టాయిలెట్ హాలు అవతల, తడి వరండా దాటి.

1987లో అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన నర్సులు గెరి హాల్, క్యాథ్లీన్ బక్‌వాల్టర్ ఒక నమూనా ప్రతిపాదించారు. డిమెన్షియా ముదిరేకొద్దీ మనిషి ఒత్తిడిని తట్టుకునే హద్దు కిందికి దిగిపోతుందని, ఆ హద్దు దాటినప్పుడే అరుపులు, తిరుగుడు, కొట్టడం బయటపడతాయని దాని సారాంశం. హద్దు దాటించేవి ఏమిటో కూడా వాళ్లు చెప్పారు: అలసట, మనుషులూ చోటూ దినచర్యా మారిపోవడం, మరీ ఎక్కువ శబ్దం, వెలుతురు, చేతకాని పని చేయమనడం, పోగొట్టుకున్నవాటి గురించిన దిగులు, నొప్పి, జబ్బు, మందుల ప్రభావం లాంటి శారీరక కారణాలు. ఆ ఆడిటోరియం తలుపు దగ్గర నిలబడి చూస్తే ఇందులో లేనిదంటూ ఏదీ లేదు.

రాత్రి తొమ్మిదికి వార్డెన్ మేడమ్ లేచి లెక్క మొదలుపెట్టారు. చాపల మధ్య నడుస్తూ పడుకున్న ప్రతి ఒక్కరి తలమీదా చెయ్యి పెట్టారు. నిద్రలో ఉన్నవాళ్లు ఉలిక్కిపడ్డారు, ఒకావిడ అరిచింది. లెక్క ఎంతకీ తేలలేదు. తేలదు కదా, హాలులో ఉన్నది 42 మంది కాదు. నలభై రెండు దాటగానే ఆగి మళ్లీ మొదట్నుంచి లెక్కపెట్టడం, ఇలా తెల్లవారుజాము దాకా సాగింది. ఆయా అప్పటికి వరసగా డ్యూటీ చేసి ఒక మూల నిద్రపోయింది. మిగిలిన సిబ్బంది వేరే వరసల్లో ఉన్నారు. వలంటీర్లకి కనిపించింది మాత్రం ‘జనం మీద చేతులు వేస్తూ తిరిగే పిచ్చావిడ’.

ఎవరో ఇంజెక్షన్ ఇప్పించమన్నారు. అది జరగకపోవడం అదృష్టం. డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మతిభ్రమణానికి వాడే మందులు మరణాల ముప్పు పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో కొత్త తరం మందుల మీద, 2008లో పాత తరం వాటి మీద కూడా అత్యంత తీవ్రమైన హెచ్చరిక ముద్రించింది. పైగా డిమెన్షియా లూయీ బాడీ రకానిదైతే హాలోపెరిడాల్ లాంటి మందు ఒక్క డోసుకే మనిషిని కొయ్యబారేలా చేయగలదు, ప్రాణం మీదికీ తేగలదు. శిబిరంలో ఆ రాత్రి ఎవరిది ఏ రకమో ఎవరికి తెలుసు?

ఇంజెక్షన్ బదులు, ‘తేలికపాటిది’ అనుకుని, అలర్జీకీ జలుబుకీ వాడే డైఫెన్‌హైడ్రమిన్ మాత్ర ఇచ్చారు. పొద్దున ఇంకొకటి ఇచ్చారు. నిద్రపోయారు.

“ఆవిడ ఇలా ఉండరు సిస్టర్”

నేను వెళ్లినప్పుడు గోడకి ఒరిగి కూర్చుని ఉన్నారు. పిలిస్తే కళ్లు తెరుస్తారు, సగంలో మూసేస్తారు. చుట్టుపక్కలవాళ్లకి ఊరట. నేను ఆయాని పిలిపించి ఒక్కటే అడిగాను, “మామూలు కంటే ఈ రోజు ఎక్కువ అయోమయంగా ఉన్నారా?” ఇది ఊరికే అడిగిన ప్రశ్న కాదు. ‘సింగిల్ క్వశ్చన్ ఇన్ డెలిరియం’ అని దీనికి పేరుంది. మనిషిని దగ్గరగా తెలిసినవాళ్లని ఈ ఒక్క ప్రశ్న అడగడం చాలాసార్లు మంచి పరీక్షలా పనిచేస్తుంది.

“ఆవిడ ఇలా ఉండరు సిస్టర్. పొద్దున్నుంచి లెక్క కూడా అడగలేదు,” అంది ఆయా.

నాకు టెన్షన్ పట్టుకుంది ఆ మాటతోనే. డెలిరియం అంటే గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో హఠాత్తుగా వచ్చే అయోమయం, పూటపూటకీ మారుతుంటుంది, వెనక ఏదో శారీరక కారణం ఉంటుంది. డిమెన్షియా ఉన్నవాళ్లకి ఇది తేలిగ్గా వస్తుంది. అందులో ఒక రకం గోల చేస్తుంది, అందరికీ కనిపిస్తుంది. ఇంకో రకంలో మనిషి మగతగా, మౌనంగా అయిపోతారు. ఎవరినీ ఇబ్బంది పెట్టరు కాబట్టి ఎవరూ డాక్టర్ని పిలవరు. రెండో రకమే ఎక్కువగా కళ్లుగప్పి పోతుంది, ఫలితాలు కూడా దానిలోనే అధ్వానంగా ఉంటాయి. రద్దీ శిబిరంలో నెమ్మదించిన ముసలి మనిషిని చూసి అందరూ ఊపిరి పీల్చుకుంటారు. నేను నా విద్యార్థులకి చెప్పేది దీనికి పూర్తి విరుద్ధం: మొన్నటిదాకా తిరిగిన మనిషి కదలడం మానేస్తే మొదట ఆ మనిషి దగ్గరికే వెళ్లండి.

డెలిరియం ఉందో లేదో చూసే ఫోర్ ఏటీ పరీక్ష చేశాను. నాలుగు భాగాలు: మెలకువ ఎలా ఉంది, నాలుగు చిన్న ప్రశ్నలు, ఏకాగ్రత, హఠాత్తు మార్పు. మధ్య దశ డిమెన్షియాలో ప్రశ్నల భాగం పెద్దగా సాయపడదు, సంవత్సరం ఆవిడ వరదకు ముందూ చెప్పలేరు. ఇలాంటి చోట మెలకువ, హఠాత్తు మార్పు, ఈ రెండూ చూడాలి. ఒక్కొక్కదానికి 4 పాయింట్లు. మొత్తం 4 వస్తేనే డెలిరియం ఉందేమో అనుకోవాలి. ఆవిడకి ఈ రెండింట్లోనే 8 వచ్చాయి.

ఏకాగ్రత చూడటానికి నెలలు వెనక్కి చెప్పమంటాం. ఆవిడకి అది ఎప్పుడూ రాదు. అందుకని వేళ్లు పట్టుకుని, “మేడమ్, లెక్కపెడదామా?” అన్నాను. ఒకటి, రెండు, మూడు... ఆరు దగ్గర గొంతు జారిపోయింది, కళ్లు మూతపడ్డాయి. మళ్లీ కదిపితే ఒకటి నుంచి మొదలు. రెండోసారి నాలుగు దగ్గరే ఆగింది. ముందురోజు రాత్రి నలభై రెండు దాకా తడబడకుండా పదేపదే లెక్కపెట్టిన మనిషి.

ఇక కారణం వెతకాలి. నాలుక ఎండిపోయి ఉంది. పల్స్ 104. ఎప్పుడూ 130/80 ఉండే బీపీ 100/60. జ్వరం లేదు, ఆక్సిజన్ బాగుంది, షుగర్ మామూలుగా ఉంది. పొత్తికడుపు మీద చెయ్యి పెడితే ముఖం చిట్లించి, మూలిగి, నా చెయ్యి తోసేశారు. నొప్పి ఉందా అని అడిగితే లేదన్నారు. డిమెన్షియాలో నోటి జవాబు మీద ఆధారపడకూడదు. శ్వాస, మూలుగు, ముఖం, ఒళ్లు, ఓదారిస్తే నెమ్మదిస్తున్నారా అన్న ఐదు విషయాలు చూసి పదికి లెక్కవేసే పెయినాడ్ స్కేలులో 5 వచ్చింది. మోషన్ ఎప్పుడైందో ఎవరికీ తెలియదు, కేంద్రం వదిలాక కాలేదని ఆయా చెప్పింది. చివరగా మూత్రం ఎప్పుడు వెళ్లారో కూడా ఎవరికీ తెలియదు. డయాపర్ పొడిగా ఉంది. పొడిగా ఉందని వలంటీరు మెచ్చుకోలుగా చెప్పాడు.

కలిపి చూస్తే కథ ఇది. టాయిలెట్ దూరం, దారి చీకటి, అందుకే నీళ్లు తాగడం తగ్గించేశారు. డీహైడ్రేషన్ వచ్చింది, మలబద్ధకం తోడైంది. దానిమీద డైఫెన్‌హైడ్రమిన్. అది ఎసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకుంటుంది. జ్ఞాపకానికీ ఏకాగ్రతకీ ఆ రసాయనమే ఆధారం, అల్జైమర్స్‌లో అది ముందే తక్కువ. రోజూ వేసుకునే డోనెపెజిల్ ఆ ఉన్న కాస్త తగ్గకుండా కాపాడే మందు. అంటే ఒక మాత్ర కడుతుంటే ఇంకో మాత్ర కూలుస్తోంది. డైఫెన్‌హైడ్రమిన్ మూత్రాశయం కండరాన్ని మందగింపజేసి మూత్రాన్ని కూడా ఆపేయగలదు. వృద్ధులకి ఇవ్వకూడని మందుల పట్టికగా పేరున్న బీర్స్ జాబితా 1991 నుంచి ఉంది, అందులో డైఫెన్‌హైడ్రమిన్ ప్రముఖంగా కనిపిస్తుంది. శిబిరాల మందుల పెట్టెల్లో మాత్రం అది ఇప్పటికీ పైవరసలోనే ఉంటోంది.

ఏం చేశాం

మా బృందం డాక్టరు ఆ మందు ఆపించారు, బీపీ మాత్ర కూడా ఆ రోజుకి ఆపారు. క్యాథెటర్ వేసి మూత్రం తీస్తే 600 మిల్లీలీటర్లకు పైగా వచ్చింది. ట్యూబ్ ఉంచలేదు. ఉంచితే ఇన్‌ఫెక్షన్, లాగేసుకోవడం, మళ్లీ డెలిరియం. మూత్రాశయం ఖాళీ కాగానే ముఖంలో బిగుతు తగ్గింది.

ఆసుపత్రికి పంపాలా వద్దా అన్నదాని మీద నేనూ డాక్టరూ చాలాసేపు మాట్లాడుకున్నాం. పంపితే రెండు రోజుల్లో మూడో చోటు, మళ్లీ అన్నీ కొత్త ముఖాలు. పంపకపోతే పరీక్షలు చేసే సదుపాయం లేదు. చివరికి హద్దులు రాసుకున్నాం: జ్వరం వచ్చినా, మింగలేకపోయినా, ఆక్సిజన్ తగ్గినా, ఆరు గంటల్లో మూత్రం రాకపోయినా వెంటనే అంబులెన్స్. అప్పటిదాకా ఇక్కడే. అంబులెన్స్‌కి ముందే కబురు చేసి పెట్టాం. ఇలాంటి నిర్ణయం ధైర్యంతో తీసుకునేది కాదు, దగ్గర ఒక మనిషి కూర్చుని చూసే వీలుంటేనే తీసుకోవాలి. మాకు ఆ వీలుంది.

నీళ్లు తాగించడం ఆయా పని. నిటారుగా కూర్చోబెట్టి, పూర్తి మెలకువ ఉన్నప్పుడు మాత్రమే, చిన్న గ్లాసుతో ఓఆర్ఎస్. గ్లాసుని ఆవిడ చేత్తోనే పట్టించి, కింద నుంచి తన చెయ్యి ఆనించింది. అమెరికాలో డిమెన్షియా సంరక్షణ నేర్పే టీపా స్నో ఈ పద్ధతిని బాగా ప్రచారం చేశారు. గ్లాసు నోటికి వస్తున్నది తన చేతితోనే కాబట్టి మెదడు దాన్ని తాగే పనిగా గుర్తిస్తుంది, బయటి చెయ్యి దూరినట్టు అనిపించదు. గంటకి నాలుగైదు గుక్కలు. ఇదే మొత్తం చికిత్సలో అతి పెద్ద భాగం, అతి విసుగు పుట్టించే భాగం కూడా.

రెండో పని చోటు మార్చడం. కేంద్రం నుంచి వచ్చిన 42 మందినీ హాలు ఒక చివరకి చేర్చమని శిబిరం నిర్వాహకులని అడిగాం. మొదట కుదరదన్నారు. దుప్పట్లు కట్టి అడ్డుతెర వేస్తామని, మనుషుల్ని మేమే జరుపుకుంటామని చెప్పాక ఒప్పుకున్నారు. టాయిలెట్‌కి దగ్గరి మూల, మైకుకి దూరం. రాత్రి పదికి తెర లోపలి ట్యూబ్‌లైట్లు ఆపి, టాయిలెట్ దారిలో మాత్రం వెలుతురు ఉంచాం. మూడో రోజు కూతురు పాత జత వినికిడి యంత్రాలు తెచ్చింది. చెవిలో పెట్టగానే తల తిప్పి కూతురి వైపు చూశారు. ఎన్ని మందులిచ్చినా ఆ పని చేయలేవు.

నాలుగో రోజు సాయంత్రానికి మగత తగ్గింది, ఒకటి నుంచి ఇరవై దాకా ఆగకుండా చెప్పారు. ఆ రాత్రి తొమ్మిదికి ఆయా ఒక రిజిస్టరూ పెన్నూ చేతికిచ్చి వెంట నడిచింది. తెర లోపల ఉన్నది 42 మందే కాబట్టి లెక్క ఈసారి తేలింది. సంతకం పెట్టి పడుకున్నారు.

పూర్తిగా వెనక్కి వచ్చారని చెప్పలేను. మూడు నెలల తర్వాత చూసినప్పుడు బట్టలు తొడుక్కోవడానికి సాయం కావాల్సి వచ్చింది, వరదకు ముందు అవసరం ఉండేది కాదు. డెలిరియం వచ్చి తగ్గిన డిమెన్షియా పేషెంట్లలో పతనం వేగంగా సాగుతుందని చాలా అధ్యయనాలు చూపాయి. ఆ రెండు మాత్రల ఖరీదు అదేనని నేను అనుకుంటున్నాను, నిరూపించలేను.

ఉండిపోవాలా, కదిలించాలా

ఈ కేసు విన్నవాళ్లు చాలామంది అడిగేది, అసలు తరలించకుండా ఉండాల్సిందా అని. నీళ్లు కింది అంతస్తులోకి వచ్చాయి కాబట్టి ఇక్కడ వేరే దారి లేదు. కానీ ప్రశ్న న్యాయమైనదే. అమెరికాలో కత్రినా, రీటా, గుస్తావ్, ఐక్ తుఫాన్ల సమయంలో నర్సింగ్ హోముల్లో ఉన్న 21 వేలమందికి పైగా డిమెన్షియా ఉన్నవారిని పరిశీలించిన అధ్యయనం 2012లో వచ్చింది. తరలించినవాళ్లలో మరణాలు 30 రోజుల్లో 2.8 శాతం, 90 రోజుల్లో 3.9 శాతం మేర పెరిగినట్టు తేలింది. 2011లో ఫుకుషిమా అణు ప్రమాదం తర్వాత మినామిసోమాలోని ఐదు వృద్ధుల కేంద్రాల వాళ్లని పరిశీలిస్తే మరణాల ముప్పు మునుపటికి దాదాపు 2.7 రెట్లయింది. అయితే అన్ని కేంద్రాల్లోనూ ఒకేలా లేదు. ప్రయాణం ఎలా జరిగింది, వెళ్లిన చోట సంరక్షణ ఎలా ఉంది అన్నదాన్ని బట్టి తేడా చాలా కనిపించింది. నేను పట్టుకునేది ఈ తేడానే.

కదిలించకపోవడం సురక్షితమా అంటే అదీ కాదు. 2005లో కత్రినా వచ్చినప్పుడు లూసియానాలోని సెయింట్ రీటాస్ నర్సింగ్ హోమ్ ఖాళీ చేయలేదు, 35 మంది మునిగి చనిపోయారు. కదిలించినా ముప్పు తప్పదు: అదే ఏడాది రీటా తుఫానుకి ముందే ఖాళీ చేసిన ఒక కేంద్రం బస్సు టెక్సాస్‌లో దారిలో అంటుకుంది, ఆక్సిజన్ సిలిండర్లు పేలి 23 మంది పోయారు. 2017లో ఇర్మా తుఫాను తర్వాత ఫ్లోరిడాలోని హాలీవుడ్ హిల్స్ కేంద్రంలో గోడలు కూలలేదు, నీళ్లు రాలేదు. ఏసీ ఆగిపోయింది, అంతే. వేడికి 12 మంది చనిపోయారు. వృద్ధుల ఒంట్లో దాహం తెలియడం తగ్గుతుంది, కొన్ని మందులు చెమటని కూడా ఆపేస్తాయి. అందుకే ఈ నిర్ణయం రవాణా శాఖ ఒక్కటే తీసుకునేది కాదు. ప్రతి మనిషినీ తెలిసిన నర్సు ఆ గదిలో కూర్చోవాలి.

కాగితం, డ్రిల్లు, సిబ్బంది

అమెరికా ప్రభుత్వ ఆరోగ్య బీమా విభాగం 2016లో తెచ్చిన నిబంధన ప్రకారం దాని కింద నడిచే వృద్ధుల కేంద్రాలు 2017 నవంబరు నుంచి ముప్పుల అంచనా, సమాచార ప్రణాళిక, శిక్షణ, డ్రిల్లు అన్నీ చూపించాలి. మంచి నిబంధన. అయినా నేను చూసిన డ్రిల్లులు ఎక్కువ భాగం పగటిపూట, సిబ్బంది నిండుగా ఉన్నప్పుడు, పెద్దవాళ్లని కదిలించకుండా జరిగినవే. వార్డెన్ మేడమ్ కేసు తర్వాత ఆ కేంద్రంలో రాత్రి డ్రిల్లు మొదలుపెట్టించాం. రెయిన్‌కోట్లతో, టార్చిలతో, ఇష్టపడి ఒప్పుకున్న కొందరు పెద్దవాళ్లతో. స్థానిక అగ్నిమాపక సిబ్బంది వచ్చారు. టోపీ తీసి ముఖం చూపించడం వాళ్లకి నేర్పింది ఆ ఆయానే.

ప్రతి మనిషికీ ఒక్క పేజీ కాగితం తయారైంది, మందుల సంచికి కుట్టి ఉంటుంది. మందుల జాబితా, అలర్జీలు, మింగడంలో ఇబ్బంది, కళ్లజోడు, వినికిడి యంత్రం మామూలే. వాటి కింద ఎవరూ మామూలుగా రాయనివి: ఏ పేరుతో పిలిస్తే పలుకుతారు, మామూలు రోజున ఎంత మెలకువగా ఉంటారు, ఏ పని మానేస్తే ఒంట్లో బాగాలేనట్టు, నొప్పి వస్తే ముఖం ఎలా పెడతారు, భయపడితే ఏ మాట పనిచేస్తుంది, ఏ మందులు అసలు ఇవ్వకూడదు. ఈ పేజీ డాక్టరు రాసేది కాదు. నైట్ డ్యూటీవాళ్లు చెప్తుంటే నర్సు రాయాలి, మూడు నెలలకోసారి తిరగరాయాలి. మొదటిసారి రాసినప్పుడు ఒక పెద్దాయన పేజీ ఖాళీగా మిగిలింది, ఆయన గురించి ఎవరికీ ఏమీ తెలియదు. ఆ వారం మా విద్యార్థిని ఒకామె రోజూ ఆయన పక్కన కూర్చుంది.

ఇంకా తేలని విషయం ఒకటి ఉంది. ఆ రాత్రి వార్డెన్ మేడమ్‌ని మెట్లు దింపిన ఆయా ఇల్లు కూడా వరదలోనే ఉంది. పిల్లల్ని అక్క ఇంటికి పంపి డ్యూటీలో ఉండిపోయింది, వాళ్లు క్షేమంగా చేరారో లేదో రెండో రోజు వరకు తెలియదు. అందరు ఆయాలూ అలా ఉండలేరు, ఉండాలని అడగడం కూడా న్యాయం కాదు. పేషెంట్‌ని తెలిసిన మనిషి వెంట రాకపోతే పైన చెప్పినవేవీ సాగవు. అందుకని కొత్త ప్రణాళికలో శిబిరం పక్కనే సిబ్బంది కుటుంబాలకి చోటు అడిగాం. కేంద్రం యాజమాన్యం ఖర్చుకి ఒప్పుకుంది. శిబిరం నిర్వహించే అధికారులు నోటిమాటగా సరేనన్నారు, రాతపూర్వకంగా ఇంకా ఇవ్వలేదు. వచ్చే వానాకాలం లోపు ఆ కాగితం చేతికి తెచ్చుకోవాలి.